హుండీలో వేసిన సిపాయి కాగితం

ఇంటిపన్నుల ఆఫీసరు గారి సముఖమునకు, పత్తి మిల్లు వెనుక వీధిలో కాపురముండు, మూటలు మోసే సోమప్ప భార్య హనుమక్క వ్రాయించుకొను అర్జీ. ఆగస్టు 1955.

అయ్యా,

విషయం: మాజీ సిపాయిలకు ఇచ్చు ఇంటిపన్ను మినహాయింపు నా భర్తకు దక్కకపోవుటకు నేనే కారణమగుట గురించి.

1. నా భర్త సోమప్ప పెద్ద యుద్ధమునాడు ఆదోని స్టేషనులో రైలెక్కి, బర్మా సరిహద్దున కొలువు చేసి, ప్రాణముతో తిరిగివచ్చినాడు. సిపాయిల ఇండ్లకు పన్ను లేదని తాము దండోరా వేయించగా దరఖాస్తు పెట్టుకొన్నాడు. డిశ్చార్జి కాగితము తెమ్మన్నారు. అది ఇంట్లో లేదు.

2. తమ గుమాస్తా గారు పదిమంది ముందర, "యుద్ధానికి పోయినామని అందరూ సెప్తారప్పా. నువ్వు పోయింటే కాగితం యాడికి పాయె?" అన్నారు. ఆనాటి నుండి నా భర్త టీ అంగడి దగ్గర కూడ నిలబడడు. ఆయన కొలువు చేసిన పల్టనుకు, అనగా పటాలమునకు, జాబు వ్రాయించగా, ఆ పల్టను దేశవిభజనలో పాకిస్తాను వైపు పోయినదనియు, నకలు దొరకదనియు జవాబు వచ్చినది.

3. సదరు కాగితము ఎలుకలు కొట్టలేదు. వానకు తడవలేదు. నేనే తీసితిని.

4. ఎట్లనగా, యుద్ధములో నుండి ఎన్నాళ్లకూ జాబు రాకపోయేసరికి నేను ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకొంటిని. మనిషి ప్రాణంతో ఇల్లు చేరితే, సర్కారు ఆయనకు ఇచ్చినదేదో అది నీకే స్వామీ, అని. వచ్చినాడు. ఆయన పెట్టె తీసి చూస్తిని. యుద్ధానికి సర్కారు ఇచ్చిన పతకపు బిళ్ళ, దానికి చుట్టిన కాగితము ఉండెను. నాకు చదువు రాదు. చుట్టిన కాగితము తీసివేస్తే మొక్కు తక్కువవుతుందని భయపడి, ఉన్నది ఉన్నట్టే శ్రావణమాసములో హుండీలో వేస్తిని. ఆ బిళ్ళంటే ఆయనకు ఎంత మోజో తెలుసు గనుక చెప్పలేదు. హుండీలో పడినది దేవునిది. తిరిగి అడుగుటకు నాకు గుండె చాలదు.

5. ఇప్పుడు ఆయన గాదెలో జొన్నలన్నీ తోడిపోసి వెదికినాడు. మిద్దె మీది మన్ను కూడ కదిలించి చూసినాడు. "ఏమ్మే, నా పెట్టె నువ్వేమన్నా ముట్టినావా?" అని అడిగితే, "ఈరన్న తోడు, నేను ముట్టలా" అంటిని. ఎవరికి ఇచ్చినానో ఆ దేవుని మీదనే ఒట్టు వేస్తిని అయ్యా! నా నోట పురుగులు పడ. అప్పటి నుండి ఆయన కంచం ముందర కూర్చుంటే నేను పొయ్యి వైపు తిరిగి కూర్చుంటాను.

కావున తప్పు ఆయనది కాదు గనుక, తాము దయ ఉంచి, వీధిలో నలుగురిని విచారించి మినహాయింపు ఇప్పించవలెననియు, ఈ సంగతి ఆయన చెవిన వేయరాదనియు ప్రార్థన. ఇంతకు మించి చెప్పుకొను ముఖము లేనిదానను. చిత్తగించి కాపాడవలెను.

తమ విధేయురాలు,
హనుమక్క

తా.క.: వేలిముద్ర వేయించుకొనే ముందు వ్రాసినదంతా బిగ్గరగా చదివి వినిపించుట, ఈ అర్జీ వ్రాసిన గురురాజ గారి పద్ధతి. ఆయన చదువుతుండగా నా భర్త నన్ను వెదుక్కుంటూ వచ్చి వెనుక నిలబడినాడు. నేను చూసుకోలేదు. అంతా విన్నాడు. కొడతాడనుకొంటిని. కొట్టినా బాగుండేది. నేల మీద కూలబడి, "యెదికి యెదికి, నేను నిజంగా యుద్ధానికి పోయినానా లేదా అని నాకే అనుమానం వస్తాండె గదే" అని ఏడ్చినాడు.

అయ్యా, పైన అడిగినది కొట్టివేయండి. పన్ను ఇద్దరమూ కూలి చేసుకొని కట్టుకొంటాము. సోమప్ప యుద్ధానికి పోయిన మాట నిజమని మాత్రము తమ చేతితో ఒక ముక్క వ్రాసి, ముద్ర వేసి పంపండి. ఆ మాట నేను చెప్పి చూసినాను. నా మాట ఆయన ఇంక నమ్మడు.

(హనుమక్క వేలిముద్ర)