బొట్టున్న చేప

గురువారం, రాత్రి

ఆమధ్య మా పెరటి కుంటలో నుదుట ఎర్రమచ్చ ఉన్న తెల్ల కోయి చేపను పక్కింటి సుబ్బాయమ్మ పిన్నికి చూపించి, "ఇది బొట్టు పెట్టుకున్న ముత్తయిదువ" అని వేళాకోళమాడాను. రేపల్లె బదిలీ అయిన ఆవిడ అల్లుడికి ఆ వారమే మళ్లీ తెనాలిలో పోస్టింగ్ దొరికింది. ఇంక చూసుకో, వీధిలో ఆడవాళ్లంతా వచ్చి నీళ్లలో పసుపు కుంకుమలు గుమ్మరిస్తున్నారు. అందులోని గోల్డ్‌ఫిష్‌లు ఇప్పటికే చచ్చి తేలాయి.

ఇవాళ చేతులు జోడించాను. "పిన్నిగారూ, అది ఉత్త చేపండి. సరదాకన్నాను."

"నీ సరదాలు నాకు తెలీవా ఏంటబ్బాయ్? మహిమంతా నీ ఒక్కడికే దాచుకుందామనేగా."

అంతలో ఆ చేప పైకొచ్చి, ఊపిరాడక నోరు తెరిచింది.

"చూశావా, దీవిస్తోంది" అని ఇంకో గుప్పెడు చల్లింది.

ఈ వీధిలో నా అబద్ధాలకే విలువ. తెల్లారేలోగా వీళ్లను ఆపే గట్టిది ఒకటి తట్టాలి. తట్టడం లేదు...