పదిన్నరకు కనిపించిన పచ్చదనం

బేస్తవారిపేట,
డిసెంబరు 9.

చిరంజీవి సౌభాగ్యవతి లక్ష్మీకుమారికి అన్న ఆశీస్సులు.

ఉత్తరమనగా ముందు క్షేమ సమాచారము, పిదప జవాబులు, చివర అభ్యంతరములు అను వరుసలో ఉండవలెను. వరుస తప్పిన కాగితాన్ని మా వ్యవసాయ కార్యాలయంలో ఎవరూ చదవరు. వరుస తప్పని కాగితాన్నీ చదవరు గానీ, భద్రంగా దాస్తారు. కావున ముందుగా, ఇక్కడ అందరమూ క్షేమం. మీరు బెంగళూరు పోతూ వేసిన తాళమూ క్షేమం. ప్రతి ఆదివారం లాగి చూసి వస్తున్నాను.

నా ఫోను నీవు ఎత్తడం లేదు గనుక, నీ కూతురు ప్రియదర్శిని చేత రాయించిన ప్రశ్నలకు ఇక్కడే జవాబు. "మామా, ఉపగ్రహం కింద పడదా?" అని అడిగింది. పడుతూనే ఉంటుంది. అయితే పక్కకు ఎంత వేగంగా పోతుందంటే, అది పడేలోపల గుండ్రని భూమి దాని కింద వంగిపోతుంది. అందుకే ఎంతకాలం పడినా నేలకు తగలదు. దీనినే కక్ష్య అంటారు. ఈ పద్ధతిలో ఉద్యోగం పూర్తిచేసి సన్మానం పొందినవారిని నేను అనేకులను ఎరుగుదును.

"మా చేను దానికి పచ్చగా ఎట్ల కనపడింది?" అన్నది నీ ప్రశ్న. అది ఐదు రోజులకొకసారి, ఉదయం పదిన్నర ప్రాంతంలో, దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున మన మీదుగా పోతుంది. ఆకు ఉన్నదని దానికి తెలుస్తుంది. ఏ ఆకో తెలియదు. వానల్లేక కంది ఎండిపోగానే, మన వాడుక ప్రకారం, ఆ కట్టెను మాలకొండమ్మత్త గొర్రెలకు వదిలినావు. తర్వాత కురిసిన ఒక్క వానకు చేనంతా వయ్యారిభామ కలుపు మొలిచింది. ఉపగ్రహం దానినే పంటగా లెక్కించింది.

నేను పరిశీలనకు వచ్చిన రోజు నీవు ఆ మొక్క పీకి నా బండి ముందర పడేశావు.

"గొర్రెలు గూడ మూతి పెట్టని చెట్టన్నా ఇది! దీన్ని కందంటారా మీవోళ్లు?"

"రాస్తాలేమ్మా" అన్నాను. నీవిచ్చిన మజ్జిగ తాగాను.

పంట నష్టం జాబితాలో నీ పేరును పైవాళ్లు కొట్టేశారని నీకు చెప్పాను. అది అబద్ధం. ఉపగ్రహ చిత్రం తప్పని రాయడానికి నా ఫారంలో ఒక గడి ఉన్నది. కలం ఎత్తగానే పక్క బల్ల వినయ్ కుమార్ నవ్వాడు. "ఏంది సార్, మండలంలో మీ చెల్లెలి చేనొక్కటే ఎండిపోయినాదా?"

నేను దిగి చూసిన చేను నీదొక్కటే. మిగిలిన నూట పన్నెండింటికీ కుర్చీలో కూర్చునే, ఉపగ్రహ చిత్రంతో "సరిపోలినది" అని రాశాను. నీకు నిజం రాస్తే, మిగతావీ తప్పేమోనని వాటిలోనూ దిగి చూడవలసి వచ్చేది. కనుక నీకూ అదే రాశాను. ఆ మాట వల్లనే నీవూ ఆంజనేయులు బావా బెంగళూరులో ఇటుకలు మోస్తున్నారు.

పోయిన వారం, నా తప్పు ఒప్పుకొని దిద్దుబాటు అర్జీ పెట్టాను. నిన్న తిరిగి వచ్చింది. దాని మీద ఇట్లా ఉన్నది: "రైతుకు అన్న అయినవాని సాక్ష్యం చెల్లదు. ఉపగ్రహానికి చెల్లెళ్లు లేరు గనుక దాని సాక్ష్యమే చెల్లును. ఈ నిబంధన తుది."

ఇట్లు,
సరిపోలినదని రాసిన నీ అన్న,
రంగనాయకులు