సెలవుల్ల తీసిన వీడియో

మేడం గారికి నమస్కారం.

రేపు ఆరో తరగతిల చేరే స్పందన వాళ్ల అమ్మను. పిల్లకు ఆటిజం ఉన్నది. మా ఇంట్ల పొద్దంత బట్ట నేసే సాంచెలు నడుస్తయి, ఆ చప్పుడుకు భయపడదు. మంది అంటేనే వణుకుతది. బడి అలవాటు కావాల్నని ఎండాకాలం సెలవుల్ల మీ గేటు నుంచి క్లాసు దాకా ఫోన్ల వీడియో తీసి చూపించిన. ఇగ అదే లోకమైంది. అరగంటకు మించి చూపియ్యొద్దని డాక్టర్ అన్నడు గని, ఫోన్ గుంజుకుంటే చెయ్యి కొరుక్కుంటది.

రేపు అందరికంటే ముందు తోల్కస్త, జర గేటు తీపియ్యుండ్రి. పిల్లలు ఒక్కొక్కలే వస్తుంటే తట్టుకుంటదేమో. నేను చేసిన తప్పు నాకు నిన్ననే ఎరుకైంది. యూనిఫాం తొడుక్కొని నవ్వుకుంట అన్నది:

"ఆ బడికైతే పోత అమ్మా. ఆడ ఎవ్వరుండరు."