బిడ్డను కాంటా ఎక్కించినందుకు

జిల్లా వసతిగృహాల అధికారి గారి సముఖమునకు,
మక్తల్ మండలంలో గొర్లు కాచుకొని బతికే గాలయ్య భార్య జానమ్మ రాయించుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: పదో తరగతి చదువుతున్న నా కూతురికి వసతిగృహంలో తిండి తగ్గించి, అందరి ముందు తూకం వేయుట గురించి.

తమకు తెలియజేయునది ఏమనగా:

1. నా కూతురు లావుగా ఉండుట వాస్తవము. మెడ చుట్టూ నల్లగా ఉండుట కూడా వాస్తవము. వార్డెన్ గారు అది మురికి అని నిర్ణయించి, నల్లా దగ్గర కూర్చోబెట్టి కొబ్బరి పీచుతో తోమించినారు. తోలు లేచింది గానీ నలుపు పోలేదు.

2. జిల్లా దవాఖానలో డాక్టర్ శ్రీవాణి గారు పరగడుపున రక్తం తీయించి పరీక్ష చేయించినారు. ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతున్నా ఒళ్లు దాని మాట వినడం లేదని, మెడ నలుపు అందువల్లనే అని చెప్పినారు. లెప్టిన్ అనేది కూడా ఎక్కువే ఉన్నదట. ఇక తిండి చాలని మెదడుకు కబురు చెప్పేది అదేనట. కబురు పోతూనే ఉన్నది, మెదడు వినిపించుకోవడం లేదు. "పిల్లది తిండిపోతుతనం కాదమ్మా. పస్తులు పెడితే ఇంకా ఖరాబైతది" అని, జొన్నరొట్టె, పప్పు, గుడ్డు పెట్టమని, రోజూ ఆడించమని చెప్పి మందులు రాసిచ్చినారు. ఆ కాగితాలు చూపిస్తే వార్డెన్ గారు ముఖం తిప్పుకొని, తిండి ఆపితే అన్ని హార్మోన్లూ దారికొస్తాయి అన్నారు. ఆమె డాక్టరీ ఎక్కడ చదివినారో తమరు విచారించగలరు.

3. గుడ్డు బంద్. కబడ్డీ కూడా బంద్. లావు పిల్ల ఆడితే చూసినోళ్లు నవ్వుతారట.

4. ప్రతి సోమవారం ప్రార్థన అయినాక, బియ్యం తూచే కాంటా మీద నిలబెట్టి, బరువు గట్టిగా చదివినారు. అయ్యా, మేము కురుమలము. మందలో గొర్రెను చేత్తో పట్టి చూసుకుంటాము. ప్రాణమున్న జీవాన్ని మా ఇంట్లో కాంటా ఎక్కించేది ఒక్కందుకే, కోతకు అమ్మేటప్పుడు. మంద నడుమ పెరిగిన బిడ్డకు ఆ సంగతి ఒకరు చెప్పాలా? ఇంటికొచ్చి, "కోతకు జోకినట్టు జోకిండ్రమ్మా నన్ను. ఇగ నేను పోను" అని మూలకు పండుకున్నది. అన్నం ముట్టడం లేదు. పరీక్షలు నెత్తి మీదికి వచ్చినవి. 

కావున తమ కనికరము కోరుట లేదు. డాక్టరు చెప్పిన తిండి పెట్టవలెను. ఆటకు పంపవలెను. కాంటా బియ్యానికే వాడవలెను. వార్డెన్ గారు పిల్లలందరి ముందు చేసిన పనికి పిల్లలందరి ముందే తప్పయిందని అనవలెను. తమరు ఇది చిత్తగించి ఈ వారంలోనే ఉత్తర్వు ఇప్పించవలెను. లేని యెడల మంద మొత్తం తోలుకొచ్చి తమ ఆఫీసు ఆవరణలో మేపుకొందుము. అక్కడ గడ్డి బాగానే ఉన్నది, చూసే వచ్చినాను.

ఇట్లు,
న్యాయం జరిగితే తమ విధేయురాలు,
జానమ్మ (వేలిముద్ర)

తా.క.: అమ్మ చెప్పంగ ఇదంతా రాసింది నేనే. నా పేరు బయటపడితే రేపు సంబంధాలు రావని అమ్మ పైన రాయనీయలేదు. నా పేరు సుస్మిత. పోనన్నదాన్నే, ఉత్తర్వు వచ్చినా రాకున్నా సోమవారం హాస్టలుకు పోతున్న. నాకు ఆకలైతది సార్. తింట. పరీక్ష రాస్త.