పెరిగే మోకాలు

పెద్దబాపూ,

మీ కాళ్లకు మొక్కాలంటే మోకాలు వంగదు. మంచం మీది నుంచే దండం.

కబడ్డీలో నా మోకాలి చిప్ప జారినప్పుడు, "పదమూడేండ్ల పోరికి మోకాళ్ల నొప్పులేంది? బడికి పోకుండ నాటకాలాడుతున్నది!" అని సెంటినరీ కాలనీ అంతా వినేలా అన్నారు. ఆపరేషన్ అయ్యాక మాత్రం రోజూ వచ్చి, నా నడక చూసి కుంటడం నేర్చుకుంటున్నారు. మెడికల్ బోర్డు మిమ్మల్ని అన్‌ఫిట్ చేస్తే, బొగ్గుబాయిలో మీ ఉద్యోగం మీ కొడుకు సంపత్ అన్నకు వస్తుంది కదా! కానీ నిన్న ఎడమ కాలు కుంటుతూ బయల్దేరి, గేటు దాటేసరికి కుడి కాలికి మారారు.

బోర్డుకు చూపించడానికి నా స్కాన్ ఫిల్మ్ ఇమ్మని బాపును అడిగారట. తప్పకుండా ఇస్తాను. పేరు మీరే చెరుపుకోండి. అయితే అందులో ఎముక చివర సన్నటి గీత ఒకటి ఉంటుంది. అది ఎదిగే పిల్లలకే ఉంటుందట. దానికి దెబ్బ తగలకుండా చిప్పను సరిచేశానని డాక్టరు చెప్పారు. ఆ గీత చూస్తే బోర్డు వాళ్లు మిమ్మల్ని ఇంటికి పంపరు, ఎనిమిదో తరగతికి పంపుతారు.

అప్పుడు మోకాళ్ల నొప్పి అని మాత్రం అనకండి. నాటకం అంటారు.

మీ తమ్ముని బిడ్డ