బావికి గుడి తప్పిన సంగతి

ఆళ్లగడ్డ,
సోమవారము.

శ్రీయుత ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
భారతీయ భాషల ఫోన్ కీబోర్డుల ఏకరూపతపై ప్రజాభిప్రాయము స్వీకరించు విభాగము,
నంద్యాల.

అయ్యా,

విషయం: టచ్ ఫోన్లలో తెలుగు అక్షరములు, అందును ముఖ్యముగా గుడి, ఏ ఫోనులో చూచినను ఒకే చోట ఉండునట్లు చేయుట గురించియు, అంతవరకు నేను హంతకుడను కానని ఒక ముక్క వ్రాసి ఇప్పించుట గురించియు.

పై విషయమై ఆళ్లగడ్డ వాస్తవ్యుడను, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడను అయిన పరంజ్యోతి అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ముప్పదియొక్క సంవత్సరములు పిల్లలకు తెలుగు చెప్పినాను. గుడి, కొమ్ము, ఏత్వము విషయములో రాజీ పడని మనిషినని పేరు. తమ ప్రకటనలో అభిప్రాయములు ఫోనులోనే టైపు చేసి పంపవలెనని ఉన్నది. నేను చేతితో వ్రాయుచున్నాను. అందుకు కారణము ఈ అర్జీయే.

2. నాకు పూర్వము ఒక ఫోను ఉండెడిది. అందులో ‘వ’ నొక్కినచో పై వరుసలో వా, వి, వీ, వు అని పిల్లలు క్లాసులో లేచి నిలబడినట్టు నిలబడెడివి. రెండోది తాకితే ‘వి’. ఈ ఏడాది మార్చిలో ఆ ఫోను అద్దము పగిలినది. నంద్యాలలో నర్సుగా పనిచేయుచున్న మా అమ్మాయి ప్రవళిక కొత్తది తెచ్చి ఇచ్చినది. ఈ కొత్త దానిలో గుడి ఎడమ పక్క కింద ఎక్కడో ఉన్నది. పై వరుసలో నేను ఏమి వ్రాయబోవుచున్నానో అదే ఊహించి మూడు మాటలు చూపించును. అంటే పాత ఫోనులో ‘వి’ ఉండిన చోట, కొత్త ఫోనులో ఎవరో ఊహించిన మాట ఉండును. అలవాటైన వేలు అలవాటైన చోటికే పోయినది.

3. మా చేనిలో మా నాయన తవ్వించిన బావి ఒకటి ఉన్నది. అందులో మా అక్క సుగుణమ్మకును నాకును సమాన హక్కు. అక్క భర్త, అనగా మా బావ శాంసన్, అప్పుడు మా ఊరిలోనే సేద్యము చేసెడివాడు. పదకొండు ఏండ్ల కిందట ఒక ఎండకాలము, నీళ్ల వంతు నాదై ఉండగా, ఆయన చెప్పకుండా తన మిరప మడికి మళ్లించుకున్నాడు. నేను పైపు పీకి గట్టున పారవేసినాను. ఆయన ఒక మాట అన్నాడు. నేను రెండు అన్నాను. ఆ నెలలోనే అక్కను తీసుకొని తన సొంత ఊరైన వెలుగోడు వెళ్లిపోయినాడు. నాటి నుండి మాటలు లేవు. మా కుటుంబపు వాట్సాప్ గ్రూపులో ఇద్దరమూ ఉన్నాము. క్రిస్మస్ నాడు ఆయన చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టును. నేను ఒకటి పెట్టుదును. సంవత్సరమునకు అంతే.

4. ఆ బావి ఎండి నాలుగేండ్లయినది. మొన్న ఏప్రిల్‌లో పక్క చేను కాశమ్మ మేకపిల్ల అందులో పడి కాలు విరగగొట్టుకున్నది. రేపు పిల్లవాడెవడైనా పడితే ఏమి గతి అని అందరూ అన్నందున, పూడ్చవలెనని నిశ్చయించినాను. అక్కకు హక్కు ఉన్నది గనుక తెలియజేయుట న్యాయము. ఫోను చేస్తే బావ ఎత్తునేమోనని జంకి, ఒకనాటి సాయంత్రము గ్రూపులో ఈ కింది విధముగా పెట్టితిని. ఉన్నది ఉన్నట్లు వ్రాయుచున్నాను:

“అందరికీ వందనములు. రేపు ఉదయం పది గంటలకు మన చేనిలో మన బావని పూడ్చివేయుచున్నాము. చాలా ఏండ్ల నుండి ఎవరికీ ఉపయోగము లేదు. ఇంకనూ అట్లే వదిలిపెట్టినచో పిల్లలకు ప్రమాదము. జేసీబీ మాట్లాడినాము. అభ్యంతరము ఉన్నవారు ఈ రాత్రిలోపు చెప్పవలెను. ఇట్లు, పరంజ్యోతి.”

5. మొదటి జవాబు పాణ్యం నుండి మా చిన్నమ్మ కొడుకు బెన్నీ పెట్టినాడు. “అయ్యో దేవా, ఎప్పుడన్నా?” అని. బావి ఎప్పుడు ఎండినదని అడుగుచున్నాడనుకొని, “చాలా కాలమైనది, నేనే ఎవరికీ చెప్పలేదు” అని పెట్టితిని. తరువాత చేతులు జోడించిన బొమ్మలు పదిహేడు, ఏడ్చే బొమ్మలు తొమ్మిది వచ్చినవి. నాయన తవ్వించిన బావి మీద మావాళ్లకు ఇంత ప్రేమ ఉన్నదా అని నాకు కండ్లలో నీళ్లు తిరిగినవి. “మీ ఆదరణకు కృతజ్ఞుడను” అని పెట్టితిని. పగిడ్యాలలో ఉండు మా పెదనాయన మనమడు కరుణాకర్ మాత్రము “మాకేమీ అభ్యంతరం లేదు” అని పెట్టినాడు.

ఉపయోగము లేదు, పిల్లలకు ప్రమాదము, చాలా కాలమైనది అను వాక్యములు నేను దుఃఖములో తెలియక వ్రాసినవని వారు సరిపెట్టుకున్నారట. జేసీబీ గుంత తవ్వుటకు అనుకున్నారట. అక్కకు ఫోను చేసినవారికి అక్క ఎత్తలేదు. ఏడుస్తూ ఉంటుందిలే అనుకున్నారట. అక్క ఎత్తకపోవుటకు కారణము, పక్కన కూర్చున్న బావ ఎత్తనీయకపోవుట. ఆయన ఆ పోస్టును అప్పటికి ఆరుసార్లు చదివి ఉన్నాడు.

6. మరునాడు తొమ్మిదిన్నరకే డ్రైవరు హనుమంతు జేసీబీ తెచ్చి బావి పక్కన మట్టి కుప్ప వేసినాడు. కొంతసేపటికి ఆటోలు వచ్చినవి. మావాళ్లందరూ తెల్లబట్టలతో దిగినారు. బావి పూడ్చుటకు ఇంతమంది ఎందుకా అనిపించినది గాని, పెద్దల గుర్తు కదా అనుకున్నాను. మా చర్చి పాస్టరు గారు చంకన బైబిలు పెట్టుకొని వచ్చి, “యాడుంచినారయ్యా?” అని మెల్లగా అడిగినారు. “ఆడ, కుప్ప పక్కన. చూసి నడవండి, చానా లోతు” అన్నాను. బెన్నీ పెద్ద పూలదండతో వచ్చి నన్ను కౌగిలించుకొని ఏడ్చినాడు. నేనును ఏడ్చితిని. ఇద్దరమూ వేరువేరు వాటికి ఏడ్చుచున్నామని అప్పటికి తెలియదు.

పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టినంతలో పోలీసు జీపు వచ్చి ఆగినది. ముందు హెడ్ కానిస్టేబుల్ ఈశ్వరి గారు దిగినారు. వెనక నుండి మా అక్క, ఆమె వెనక మా బావ దిగినారు. బెన్నీ చేతిలోని దండ కింద పడినది. ప్రార్థన మధ్యలోనే ఆగినది. ఆమెన్ ఎవరూ అనలేదు.

బావ తిన్నగా నా దగ్గరికి వచ్చినాడు. జుట్టంతా నెరిసిపోయి ఉంది. నేను పైపు పీకిననాడు నల్లగా ఉండింది.

“వచ్చినా పరంజ్యోతీ. నీకు శ్రమ లేకుండా నేనే వచ్చినా. యాడ పూడుస్తావో సూపిచ్చు” అన్నాడు.

అయ్యా, ఈ మనిషి ఎదురుపడితే ఏమనవలెనో పదకొండేండ్లుగా మంచి తెలుగులో చాలా వాక్యములు తయారు చేసి పెట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు. “బావిని, బావా” అన్నాను. “బావిని.”

“ఏందీ?” అన్నాడు.

7. బావ పొద్దున మొదటి బస్సుకు వచ్చి స్టేషనులో ఫిర్యాదు ఇచ్చినాడని, అందులో నేను ఆయనను సజీవముగా పూడ్చెదనని నలభై ఆరు మంది ముందర బెదిరించినట్లు ఉన్నదని ఈశ్వరి గారు తెలిపినారు. తరువాత ఫోను నా కండ్ల ముందర పెట్టి చదవమన్నారు. చదివినాను. అప్పుడు చూచితిని ఆ ‘వ’ను. నెత్తిన ఏమీ లేక బోడిగా ఉన్నది.

“గుడి యాడ పోయింది అయ్యవారూ?” అని ఆమె అడిగినారు. జీపు డ్రైవరు ఇది గుడి తగాదా అనుకొని ఇంకో జీపు కావలెనని స్టేషనుకు ఫోను చేయబోగా ఆమెయే ఆపినారు.

సాక్ష్యము కొరకు అందరి ముందు ‘బావిని’ అని టైపు చేయమన్నారు. మొదటిసారి ‘బావని’ అని పడినది. రెండోసారి ‘భావన’. మూడోసారి ‘బావగారిని’ అని మర్యాదగా పడినది. సరే, వేరే ఫోనులో కొట్టమన్నారు. బెన్నీ ఫోనులో ఇంగ్లీషు అక్షరములు కొట్టవలెను. పాస్టరు గారి ఫోనులో గుడి రెండో పేజీలో ఉన్నది. హనుమంతు ఫోనులో ‘వ’ను అదిమి పట్టుకుంటే తప్ప గుడి రాదు. ఈశ్వరి గారి ఫోనులో కుడి చివర ఉన్నది. బావ ఫోనులో ఎక్కడున్నదో ఆయనకే తెలియదు, ఇన్నేండ్లుగా బొమ్మలు తప్ప ఏమీ పెట్టలేదు గనుక. దుఃఖమునకు వచ్చిన జనమంతా దుఃఖము మరచి, తమ తమ ఫోన్లు తీసి, “నాది ఈడుండాది”, “నాది ఆడుండాది” అని గుడిని వెతకసాగినారు. పాస్టరు గారికి దొరికినప్పుడు ఆయన ముఖము చూడవలసినది.

ఆ సందడిలో ఈశ్వరి గారు నా పక్కకు వచ్చి, ఇతరులకు వినబడకుండా చెప్పినారు: “ఆరో తరగతిలో ‘విత్తనం’కు గుడి పెట్టలేదని నన్ను మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టినారు. మీకు గుర్తుండదులే.”

గుర్తు లేదు. అబద్ధము చెప్పలేక అదే చెప్పినాను. ఎంతమందిని నిలబెట్టినానో, ఎవరి ముఖమూ గుర్తు రాలేదు. “తప్పు నాదే తల్లీ” అన్నాను. ఆమె హనుమంతును పిలిచి, “అయ్యవారికి గొడుగేమన్నా ఉంటే పట్టప్పా. ఎండగా ఉండాది” అనినారు.

8. ఇంతలో అక్క పోయి బావి ఒడ్డున కూర్చున్నది. లోపలికి చూసి, “నాయన దిగే మెట్లు ఇంకా ఉండాయి రా” అనినది. అక్క నన్ను ‘రా’ అని పిలిచి పదకొండేండ్లయినది. నేను పోయి పక్కన కూర్చున్నాను. బావ వచ్చి మా వెనక నిలబడినాడు.

“అభ్యంతరం ఉండేవాళ్లు సెప్పాలని రాసినావు గదా. నాకుండాది. దీన్ని పూడ్చొద్దు” అన్నాడు.

పైన ఇనుప జాలీ వేయించుటకు ఒప్పుకున్నాము. హనుమంతు మట్టిని తిరిగి ఎత్తుకొనిపోయినాడు.

నిజానికి నా పోస్టు చూసి బావకు మొదట కోపము రాలేదట. పైపు పీకినవాడు ఇంతకన్న ఏమి వ్రాస్తాడులే అనుకున్నాడట. ఆయన మనసు విరిగినది కరుణాకర్ జవాబుకు. “నలభై ఆరు మందిలో ఒక్కడన్నా వద్దని అన్లేదు గదప్పా. వీడైతే అభ్యంతరం లేదంట” అని అందరి ముందూ అన్నాడు. కరుణాకర్ గ్రూపులో ఏది వచ్చినా చదవకుండా అదే పెడతానని చెప్పి తల దించుకున్నాడు.

వచ్చినవారిని ఉత్త కడుపులతో పంపలేక నా భార్య ఆదెమ్మ ఇరవై మూడు మందికి అన్నము వండినది. బావ నా ఎదురుగా కూర్చొని తిన్నాడు. పైపు సంగతి ఆయన ఎత్తలేదు. మిరప మడి సంగతి నేను ఎత్తలేదు. చారు బాగున్నదని మాత్రము అన్నాడు, అదియు ఆదెమ్మతో. పోయేటప్పుడు బెన్నీ తెచ్చిన పూలదండను అడిగి తీసుకున్నాడు. బతికుండంగా ఇంత పెద్దది ఎవరు తెస్తారని ఆయన వాదము.

9. అయినను ఫిర్యాదు ఫిర్యాదే. ఫిర్యాదుదారు వాపసు తీసుకొనవలెను, లేదా ఇది కీబోర్డు చేసిన పనియే గాని మనిషి చేసినది కాదని తెలిసినవారెవరైనా వ్రాసి ఇవ్వవలెను, అంతవరకు ఇరువర్గములు ప్రతి సోమవారము స్టేషనుకు వచ్చి సంతకము చేయవలెనని ఈశ్వరి గారు చెప్పినారు. బావను అడిగితే నా వైపు చూడకుండా, “కాగితం తేనీ, సూస్తాం” అన్నాడు.

కావున తమరు దయయుంచి,

(అ) దేశములో అమ్ముడుపోవు ప్రతి ఫోనులోను గుడికి ఒకే చోటు నిర్ణయించవలెను. ఏ చోటైనను నాకు సమ్మతమే. మేము చర్చికి పోవువారము, గుడి ఎక్కడ ఉండవలెనను విషయములో మాకు పంతము లేదు.

(ఆ) బావ, మామ, అత్త మొదలగు వరుసలను మనిషి పూర్తిగా వ్రాయక మునుపే ఊహించు పని మానిపించవలెను.

(ఇ) పై పోస్టులో గుడి తప్పిపోవుట సహజమేనని తమ ముద్రతో ఒక లేఖ ఇప్పించవలెను.

గుడి ఒక్కటి తప్పినందుకు చిన్నపిల్లను ఎండలో నిలబెట్టినవాడు, అదే గుడి తప్పి ఎండలో నిలబడినవాడై వ్రాసుకున్న ఈ విన్నపమును చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పరంజ్యోతి

తా.క.: కవరు అంటించబోతూ ఇది రాస్తాండా. ఇప్పటికి నాలుగు సోమవారాలైంది. అక్క, బావ పొద్దున బస్సుకు వస్తారు, స్టేషనులో సంతకం పెడతారు, మా ఇంట్లో అన్నం తింటారు, సాయంత్రం బస్సుకు పోతారు. పోయిన వారం ఈశ్వరి గారు బావను పక్కకు పిలిచి, కేసు వాపసు తీసుకుంటే ఈ వయసులో ఇంత దూరం తిరిగే పని లేదు గదా పెద్దాయనా అన్నారంట. ఆయన, “వాపసు తీసుకుంటే ఏం సెప్పుకొని రావాలమ్మా?” అన్నాడంట. అక్క నాకు చెప్పింది.

కాబట్టి అయ్యా, (అ), (ఆ)లు తొందరగా చేయండి. (ఇ)కి మాత్రం తొందర లేదు. అర్జీ పెట్టినావా అని బావ అడిగితే పెట్టినానని చెప్పడానికే పంపుతాండా. వీలైతే ఈ కాగితాన్ని ఇంకో సెక్షనుకు పంపండి, వాళ్లు మళ్లీ మీకే పంపుతారు. వచ్చే సోమవారం బావ వెలుగోడు చేపలు తెస్తానన్నాడు.