చుక్కలు రాని గ్రహణం

రేపల్లె,
12-12-1965

దేవసహాయం బావగారికి వందనాలు.

జ్వరం వచ్చి తన చూపు పోయిందని మీ చెల్లెలు సరోజ మీకు రాయించింది అబద్ధం. నా మీద మాట రాకూడదని అలా రాయించింది.

సంపూర్ణ సూర్యగ్రహణంలో సూర్యుడి పక్కనే నక్షత్రాలు కనిపిస్తాయని, బడిలో చెప్పే పాఠం ఆమెకూ చెప్పాను. మొన్న నవంబరులో మన ఊళ్ళో పట్టేది సంపూర్ణం కాదని మాత్రం చెప్పలేదు. నేను బడికి వెళ్ళాక ఆమె పెరట్లో నిలబడి, గ్రహణం విడిచేదాకా సూర్యుణ్ణే చూసింది. సాయంత్రం నేను రాగానే, "చుక్కలు రాలేదేంటండీ?" అని అడిగింది. అప్పటికే నా ముఖం ఆమె కళ్ళకు ఆనడం లేదు.

ఇక చూపు రాదని గుంటూరు డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆమేమో తనే సరిగా చూడలేదనుకుని, మళ్ళీ గ్రహణానికి దగ్గరుండి చూపించమంటోంది. నిజం చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. మీరొచ్చి చెప్పండి.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త